జవాబు రప్పించే ప్రశ్న ఎలా ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆన్‌లైన్ గ్రూపుల్లో ప్రశ్నలు పెడుతుంటారు, చాలావాటికి జవాబే రాదు. వచ్చినవాటిలో కొన్ని "ముందు వెతుక్కోండి" అనే విసుగు మాటలు. ఇంకొన్నిసార్లు అసలు విషయం పక్కకు పోయి జనం ఒకరితో ఒకరు గొడవపడతారు. మంచి ప్రశ్న అంటే ఏమిటి, దానికేమైనా పద్ధతి ఉందా?

చాలా ఏళ్ళుగా ఇలాంటి చోట్ల జవాబులు రాస్తున్నాను, కొన్నిచోట్ల మోడరేటర్‌గా కూడా ఉన్నాను. మర్యాదగా అడగాలి, అక్షరదోషాలు లేకుండా రాయాలి అని అందరూ చెబుతారు. మంచిదే కానీ అసలు సంగతి అది కాదు. తప్పులతడకగా రాసిన ప్రశ్నలకు బ్రహ్మాండమైన జవాబులు రావడం చూశాను, చక్కటి భాషలో రాసినవి దిక్కూమొక్కూ లేకుండా పడి ఉండటమూ చూశాను. నాకు కనిపించిన తేడా ఒక్కటే. అడిగే మనిషికి మాత్రమే తెలిసిన సంగతులు ప్రశ్నలో ఉన్నాయా లేదా అన్నది. చెప్పేవాళ్ళకు తెలిసినవి జవాబులో ఎలాగూ వస్తాయి. మీకు తెలిసినవి మాత్రం మీరు రాస్తే తప్ప ఎక్కడి నుంచీ రావు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "మా మొక్క ఆకులు పసుపు రంగులోకి మారుతున్నాయి, ఏం చేయాలి?" మొక్కల గురించి బాగా తెలిసినవాళ్ళు ఈ ప్రశ్న చూసి పక్కకు వెళ్ళిపోతారు. తెలియక కాదు, కారణాలు బోలెడు కాబట్టి. కింద ఉన్న ముదురాకులు ముందుగా పసుపెక్కితే నత్రజని చాలడం లేదేమో అనిపిస్తుంది, ఎందుకంటే మొక్క ముదురాకుల్లోంచి నత్రజనిని లాగి చిగుళ్ళకు పంపుకోగలదు. అదే చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని అనుమానం. ఇనుమును మొక్క అలా పాత ఆకుల నుంచి కొత్త ఆకులకు తరలించుకోలేదు. నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళుతున్నా ఆకులు పసుపెక్కుతాయి. అంటే జవాబు చాలావరకు "ఏ ఆకులు?" అన్న దాని మీదే ఆధారపడి ఉంది. ఆ మాట చెప్పగలిగేది మొక్క ముందు నిలబడ్డ మనిషి ఒక్కరే.

ఏ వివరం ముఖ్యమో తెలిస్తే అసలు అడగాల్సిన అవసరమే ఉండదు కదా అంటారా? న్యాయమైన మాటే. అందుకే ఏది ముఖ్యమో తేల్చే పని మీరు పెట్టుకోవద్దు. అది ఎప్పుడు మొదలైంది, దానికి కాస్త ముందు ఏం మారింది, మీరు ఇప్పటికే ఏమేం చేసి చూశారు, ఈ మూడూ రాసేయండి. దాదాపు ఏ సమస్యకైనా ఇవి పనికొస్తాయి. నా వరకు వీటిలో రెండోదానికే ఎక్కువ విలువ. కుండీ మార్చారా, మొక్కను కిటికీ దగ్గర నుంచి లోపలికి జరిపారా, కొత్త ఎరువు వేశారా? కంప్యూటర్ అయితే అప్‌డేట్ వచ్చిందా, కొత్త ప్రోగ్రామ్ ఏదైనా పెట్టారా? "ఏమీ మారలేదండీ" అన్నవాళ్ళను కూడా కాస్త కదిపితే తరచూ ఏదో ఒకటి బయటపడుతుంది.

జనం ఈ వివరాలు బద్ధకంతో వదిలేస్తారని నేను అనుకోను. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ తన పీహెచ్‌డీ కోసం ఒక ప్రయోగం చేసింది. కొందరిని బాగా తెలిసిన పాట ఒకటి ఎంచుకుని, దాని దరువు మాత్రం బల్ల మీద వేళ్ళతో కొట్టమంది. అది ఏ పాటో ఎదుటి మనిషి పోల్చాలి. సగం పాటలు పోల్చేస్తారని కొట్టినవాళ్ళ అంచనా. మొత్తం 120 పాటలు కొడితే విన్నవాళ్ళు పోల్చగలిగినవి 3. కొట్టేవాళ్ళ తలలో పాట రాగంతో సహా మోగుతూ ఉంటుంది, ఎదుటివాళ్ళకు వినబడేది టకటకలే.

ప్రశ్న రాసేటప్పుడూ సరిగ్గా ఇదే జరుగుతుంది. మీరు ఆ సమస్యతో పొద్దుటి నుంచి కుస్తీ పడుతున్నారు కాబట్టి "అది పనిచేయడం లేదు" అని రాసినప్పుడు "అది" అంటే ఏమిటో మీకు ఖాయంగా తెలుసు. చదివే మనిషికి టకటక. అందుకని పంపే ముందు ఒకసారి ఏమీ తెలియని మనిషిలా చదువుకోండి. "అది", "ఇందాకటిది", "మామూలుగా చేసినట్టే" లాంటి మాటలు ఎక్కడ కనిపించినా తీసేసి అసలు పేర్లు పెట్టండి. "పనిచేయడం లేదు" అన్న చోట ఏం జరుగుతుందనుకున్నారో, నిజానికి ఏం జరిగిందో రెండూ రాయండి. ఇలా రాస్తుండగానే జవాబు మీకే తట్టి ప్రశ్న పెట్టకుండా మానేసే సందర్భాలూ ఉంటాయి. అదీ లాభమే.

తర్వాత, మీరు కళ్ళతో చూసింది చెప్పండి. మీరు తేల్చుకున్నది ఆ తర్వాత. డాక్టర్ దగ్గరకు వెళ్ళి "గ్యాస్ ట్రబుల్, మందు రాయండి" అంటే మంచి డాక్టరైతే ఆ మాట పక్కన పెట్టి నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని మొదటి నుంచి అడుగుతారు, ఎందుకంటే గ్యాస్ అనుకున్నది కొన్నిసార్లు గుండె నొప్పి అవుతుంది. ఆన్‌లైన్‌లో అంత ఓపికగా వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. "నత్రజని తగ్గింది, ఏ ఎరువు వేయాలి?" అంటే ఎరువు పేరే చెబుతారు. వేళ్ళు కుళ్ళుతున్న మొక్కకు ఎరువు పడుతుంది.

ప్రోగ్రామర్లు ఇలాంటిదానికి ఎక్స్‌వై ప్రాబ్లమ్ అని పేరు పెట్టుకున్నారు. మీకు కావాల్సింది ఎక్స్. దానికి వై అనే దారి ఉందని మీకే తోస్తుంది. వై దగ్గర ఇరుక్కుంటారు. వై గురించే అడుగుతారు, ఎక్స్ ఊసే ఎత్తరు. "పీడీఎఫ్ పేజీలన్నిటినీ ఫొటోలుగా మార్చే యాప్ చెప్పండి" అని ఒకరు అడిగారనుకోండి. నలుగురు నాలుగు యాప్‌లు చెబుతారు. ఒక్కటీ నచ్చదు. పాతిక కామెంట్ల తర్వాత తెలిసేదేమిటంటే, ఏదో దరఖాస్తుకు ఆ ఫైల్ జత చేయాలి, సైజు పరిమితి దాటిపోయింది, ఫొటోలుగా మారిస్తే తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. టైప్ చేసిన పేజీలను ఫొటోలుగా మారిస్తే చాలాసార్లు సైజు ఇంకా పెరుగుతుంది! "ఈ పీడీఎఫ్ సైజు తగ్గించాలి, ఫొటోలుగా మారిస్తే పనవుతుందా?" అని అడిగి ఉంటే మొదటి కామెంట్‌లోనే తేలిపోయేది. కాబట్టి దేనికోసం అడుగుతున్నారో ఒక్క వాక్యం రాయండి. నన్ను ఒకే ఒక్క సలహా చెప్పమంటే ఇదే చెబుతాను.

ఎందుకు అడుగుతున్నారో చెప్పడం వల్ల ఇంకో మేలు ఉంది. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 1978లో ఒక అధ్యయనం ప్రచురించారు. జిరాక్స్ మిషన్ దగ్గర ఉన్నవాళ్ళను "నేను ముందు తీసుకోవచ్చా?" అని అడగడమే ప్రయోగం. అయిదు పేజీలే అయితే, కారణం చెప్పకపోతే 60 శాతం మంది సరేనన్నారు, తొందరలో ఉన్నానంటే 94 శాతం. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అనే అర్థంపర్థం లేని కారణానికి కూడా 93 శాతం ఒప్పుకున్నారు. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పేజీలు ఇరవై అయ్యేసరికి లెక్క మారిపోయింది. ఉత్తుత్తి కారణం చెప్పినా, అసలు చెప్పకపోయినా ఒకటే, 24 శాతం. నిజమైన కారణానికి 42. మనకు పనికొచ్చేది ఈ రెండో సగమే. మీ ప్రశ్నకు జవాబు రాయాలంటే ఎవరో ఒకరు కూర్చుని అరగంట వెచ్చించాలి, అది ఇరవై పేజీల పనే. "అర్జెంట్, ప్లీజ్ ప్లీజ్" అనేది కాపీలు తీసుకోవాలి కాబట్టి అన్నలాంటిదే. "ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది, ఈ ఒక్క చోట ఆగిపోయాను" అంటే వేరు.

ఇదేమీ ఇంటర్నెట్‌తో పుట్టిన విద్య కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు పిప్పలాదుడనే ఋషి దగ్గరకు ప్రశ్నలతో వెళతారు. ఒక ఏడాది ఇక్కడ నియమంగా ఉండండి, తర్వాత అడగండి, తెలిసి ఉంటే చెబుతాం అంటాడాయన. (జవాబులు చెప్పేవాళ్ళు ఆ "తెలిసి ఉంటే" అన్న మాటను కాస్త అలవాటు చేసుకుంటే బాగుండు.) ఆ ఆరుగురిలో ఆఖరి ప్రశ్న సుకేశుడిది. ఎలా అడుగుతాడో చూడండి. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు నా దగ్గరకు వచ్చి, పదహారు కళలున్న (అంటే పదహారు అంశాలున్న) పురుషుడు నీకు తెలుసా అన్నాడు, నాకు తెలియదు, తెలిస్తే ఎందుకు చెప్పను అన్నాను, అతను మౌనంగా రథమెక్కి వెళ్ళిపోయాడు, ఆ పురుషుడు ఎక్కడున్నాడని ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను అంటాడు. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది, తనకు ఎంతవరకు తెలుసు, ఇప్పుడు ఏం కావాలి, అంతా ఉంది. అంత పెద్ద వేదాంత ప్రశ్నకు ముందు అయిదారు వాక్యాలే.

"ముందు వెతుక్కోండి" అనేవాళ్ళ సంగతికి వద్దాం. ఈ విషయంలో నేను తోటి మోడరేటర్లతో పూర్తిగా ఏకీభవించను. వెతకాలంటే మాట తెలియాలి. ఆ రంగంలో దాన్ని ఏమంటారో తెలియని మనిషి ఎంత వెతికినా దొరకదు. కాబట్టి "ఇలా ఇలా ఉంటుంది, దీన్ని ఏమంటారు?" అనే ప్రశ్నను నేను చాలా మంచి ప్రశ్నల్లో లెక్క వేస్తాను. ఒక్క పదం జవాబుగా వస్తే చాలు, మిగతా దారి మీరే నడుస్తారు. అయితే ఏ మాటలతో వెతికారో, ఏం దొరికిందో, అది మీకు ఎందుకు సరిపోలేదో రాయండి. అది రాసి ఉంటే వెతుక్కోమనే నోళ్ళు మూతపడతాయి. పైగా మీరు ఏ మాట దగ్గర దారి తప్పారో తెలిసినవాళ్ళకు ఇట్టే కనిపిస్తుంది.

శీర్షిక సంగతి త్వరగా చెప్పేస్తాను. "ఒక డౌట్", "హెల్ప్ కావాలి", "ఎవరైనా ఉన్నారా?" ఇవి శీర్షికలు కావు. ప్రశ్ననే శీర్షికగా పెట్టండి. ఎర్రర్ వస్తే దాన్ని ఫొటో తీసి పెట్టడంతో ఆగకుండా అక్షరాల్లో టైప్ చేయండి, రేపు అదే ఇబ్బంది వచ్చినవాళ్ళకు వెతికితే దొరుకుతుంది. స్క్రీన్‌షాట్ పెట్టే ముందు అందులో ఫోన్ నంబరు, ఖాతా నంబరు, ఇంటి అడ్రసు లాంటివి ఉన్నాయేమో చూసి కత్తిరించండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు.

వేలమంది ఉన్న గ్రూపులో కూడా జవాబు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, వేరువేరు గదుల్లో కూర్చున్నవాళ్ళు మైకుల్లో మాట్లాడుకుంటుండగా ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది (అది రికార్డింగే). వింటున్నది తనొక్కరే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ మాటలు ముగిసేలోపే సాయానికి కదిలారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకుంటే 62 శాతం, మరో నలుగురు వింటున్నారనుకుంటే 31. "ఎవరైనా చెప్పండి" అన్న ప్రశ్న విషయంలోనూ ఇలాగే ఎవరో ఒకరు చెబుతారులే అనుకుంటారని నా అనుమానం. అలాగని పేరుపేరునా ట్యాగ్ చేసి విసిగించకండి. "ఈ పరీక్షకు ఉద్యోగం చేసుకుంటూ చదివినవాళ్ళు ఉంటే చెప్పండి" అన్నారనుకోండి. అలా చదివిన మనిషికి తననే అడిగినట్టు ఉంటుంది.

ఇప్పటిదాకా సాయం కోరే ప్రశ్నల గురించే చెప్పాను. చర్చ కోసం అడిగేవాటి తీరు వేరు, మీరు చెప్పిన గొడవలు ఎక్కువగా అక్కడే. నా అనుభవంలో ఆ గొడవల్లో చాలావాటికి విత్తనం ప్రశ్నలోనే ఉంటుంది.

మాట మారితే జవాబు ఎంత మారుతుందో చెప్పే పేరున్న ప్రయోగం ఒకటుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కారు ప్రమాదాల వీడియోలు చూపించి వేగం ఎంత ఉండొచ్చని అడిగారు. కార్లు "తగిలినప్పుడు" అని అర్థమొచ్చే మాట వాడితే సగటు అంచనా గంటకు 34 మైళ్ళు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అన్న అర్థంలో అడిగితే 40.8. మరో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం ఏమైనా చూశారా అని అడిగారు. వీడియోలో అద్దం పగలనే లేదు. అయినా నుజ్జయిందన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, తగిలిందన్న మాట విన్న 50 మందిలో 7గురు. ప్రశ్నలోని ఒక్క క్రియ జ్ఞాపకాన్నే మార్చగలదంటే అభిప్రాయాన్ని మార్చడం ఎంతసేపు?

"ఈ కాలం పిల్లలు పుస్తకాలు ఎందుకు చదవడం లేదు?" అన్న ప్రశ్న చూడండి. చదవడం లేదన్నది ముందే తీర్పు ఇచ్చేశారు, ఇక కారణాలే మిగిలాయి. ఒప్పుకునేవాళ్ళు ఫోన్లను తిడతారు. ఒప్పుకోనివాళ్ళు మిమ్మల్ని తిడతారు. రెండు రోజుల తర్వాత చూస్తే ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ ఉండదు. దాన్నే "మీ ఇంట్లో పిల్లలు ఎవరూ చెప్పకుండా తమంతట తామే చదివిన పుస్తకం ఏది, అది వాళ్ళ చేతికి ఎలా వచ్చింది?" అని అడగండి. ఇప్పుడు ప్రతి మనిషీ చెప్పగలిగింది ఒకటుంది. అది వాళ్ళ ఇంట్లో జరిగింది కాబట్టి ఎవరూ కాదనలేరు. అలాంటివి నలభై పోగైతే పిల్లల చదువు గురించి నిజంగానే ఏదో తెలుస్తుంది. అభిప్రాయం అడిగితే అభిప్రాయాలు ఢీకొంటాయి, అనుభవం అడిగితే ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. అభిప్రాయాలు అడగకూడదని కాదు, అనుభవాలు పోగయ్యాక అడిగితే బాగుంటాయి.

"ఏది బెస్ట్?" ప్రశ్నలదీ ఇలాంటి తంతే. కొలబద్ద ఇవ్వకుండా పోటీ పెడితే ఎవరి కొలబద్ద వాళ్ళు తెచ్చుకుంటారు. "రోజుకు అరగంటే తీరిక, వ్యాకరణం కన్నా మాట్లాడటం ముఖ్యం, ఈ రెండు భాషల్లో దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగితే అందరూ ఒకే త్రాసు ముందు నిలబడతారు. అప్పుడు కూడా వాదిస్తారు, కానీ మీకు పనికొచ్చే విషయం మీద వాదిస్తారు.

ఒక చిలిపి పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడగకు, తప్పు జవాబు పెట్టు, దిద్దడానికి పరిగెత్తుకొస్తారు అని ఒక సరదా సూత్రం ఉంది. మొదటి వికీని (చదివేవాళ్ళే దిద్దగలిగే వెబ్‌సైట్‌ను) తయారుచేసిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరుతో చలామణి అవుతుంది, ఆయన మాత్రం అది తన మాట కాదన్నాడు. పనిచేస్తుందా అంటే చేస్తుంది, కానీ ఒకటి రెండుసార్లకే జనానికి తెలిసిపోయి మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. దీన్నే నిజాయితీగా చేయొచ్చు. చూసిందంతా రాశాక, "నాకు ఇలా అనిపిస్తోంది, నా ఆలోచన ఎక్కడ తప్పుతోంది?" అని చివర్లో చేర్చండి. దిద్దాలన్న ఆ దురద దీనికీ పుడుతుంది, ఎవరినీ మోసం చేయనక్కర్లేదు.

ఇప్పుడు చాట్‌బాట్‌లు ఉన్నాయి కదా, మనుషులను ఎందుకు అడగాలి అనేవాళ్ళూ ఉన్నారు. నిర్వచనాలు, ఫార్ములాలు, "ఈ లైన్‌లో తప్పేముంది" లాంటివి అక్కడే అడగండి, సరిచూసుకుని వాడుకోండి. వాటితో చిక్కేమిటంటే, మీరు వివరాలు ఇవ్వకపోయినా చాలాసార్లు ఏదో ఒకటి ఊహించుకుని చక్కగా జవాబు చెప్పేస్తాయి. మొక్కను పెంచిన మనిషి అయితే "ఏ ఆకులు?" అని అడుగుతారు. ఆ ఎదురు ప్రశ్న వచ్చిందంటే మీ పని సగం అయినట్టే, దాన్ని అవమానంగా తీసుకోకండి. "నేను అడిగింది అది కాదు" అని కసురుకున్నవాళ్ళ దగ్గరకు ఆ మనిషి మళ్ళీ రారు. ఎదురు ప్రశ్నకు జవాబు కామెంట్‌లోనే వదిలేయకుండా పైన అసలు ప్రశ్నలో కూడా చేర్చండి. తర్వాత వచ్చేవాళ్ళు నలభై కామెంట్లు చదవరు.

ఇక పని అయిపోయాక "సాల్వ్ అయింది, థ్యాంక్స్ అందరికీ" అని రాసి వెళ్ళిపోవడం నాకు అస్సలు నచ్చని అలవాటు. ఎవరు చెప్పింది పనిచేసింది? ఎంతసేపు పట్టింది? ఏది చేస్తే ఇంకా పాడైంది? ఎవరి సలహా కాకుండా మీరే కనుక్కున్నారా? ఆ నాలుగు ముక్కలు రాయండి. ఏదీ పనిచేయకపోతే అది కూడా రాయండి. ఫలానా రెండు పద్ధతులు ఫలానా పరిస్థితిలో పనిచేయలేదని తెలియడం కూడా వచ్చే ఏడాది అదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చే మనిషికి చాలా సమయం మిగులుస్తుంది.